పొలాల నడుమ ప్రాసాదాలు

ప్రశ్న: మా అబ్బాయి ఇటలీలోని పాదువాలో చదువుకుంటున్నాడు. వచ్చే వేసవిలో మేము అక్కడికి వెళ్తున్నాము. ఆ ప్రాంతపు పల్లెల్లో పల్లాడియో కట్టిన విల్లాలను తప్పక చూడమంటున్నారు. వెనీస్‌లో మేడలున్న శ్రీమంతులు పొలాల మధ్య మళ్లీ అంతంత ఇళ్లు ఎందుకు కట్టుకున్నారు? రెండు విల్లాలు మాత్రమే చూడగలిగితే వేటిని చూడాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: వాటిలో విలాసం లేకపోలేదు గాని, ఎక్కువ విల్లాలు వ్యవసాయ క్షేత్రాలకు కేంద్రాలుగా కట్టినవి. వెనీస్ సంపదకు ఆధారం సముద్ర వ్యాపారం. 1453లో తూర్పు వ్యాపారానికి కీలకమైన కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) ఒట్టోమన్ తురుష్కుల వశమైంది. 1498లో వాస్కో డ గామా కోళికోడ్ తీరం చేరడంతో మన మిరియాలు ఐరోపాకు వెళ్లడానికి మరో దారి ఏర్పడింది. వ్యాపారంలో మునుపటి ధీమా సడలిన కొద్దీ ధనిక కుటుంబాలు భూములపై పెట్టుబడి పెట్టసాగాయి. బీడు, చిత్తడి నేలలను సాగులోకి తెచ్చేందుకు వెనీస్ ప్రభుత్వం 1556లో ప్రత్యేకంగా ఒక అధికార మండలినే నియమించింది.

పంటను యజమాని దగ్గరుండి చూసుకోవాలి, అయినా హోదా తగ్గినట్టు కనిపించకూడదు. రాతిపనిలో శిక్షణ పొంది వాస్తుశిల్పిగా ఎదిగిన ఆండ్రియా పల్లాడియో (1508–1580) ఈ రెండు అవసరాలనూ ఒకే కట్టడంలో ఇమిడ్చాడు. నడుమ ప్రాచీన రోమన్ దేవాలయపు ముఖద్వారం వంటి స్తంభాల మండపం, కింద వంటిల్లు, నేలమాళిగలు, పైకప్పు కింద ధాన్యపు కొట్టు, ఇరుపక్కలా పనిముట్లకూ పశువులకూ పొడవైన కమానుల సాలలు ఉండేవి. యజమాని వాననూ ఎండనూ తప్పించుకొని ఆ సాలల వెంట అంతటా తిరిగి రావచ్చు. దుమ్ము ఇంట్లోకి రానంత దూరంలో, కంటికి కనిపించేటంత దగ్గరలో కళ్లం ఉండాలని పల్లాడియో 1570లో వెలువరించిన తన గ్రంథంలో రాశాడు. మన మోతుబరి రైతు ఎవరైనా ఒప్పుకునే మాటే అది. పాలరాతివిగా తోచే స్తంభాలు సైతం చాలాచోట్ల ఇటుకతో కట్టి, పైన నునుపైన గచ్చు పూసినవే.

విచెంజా పట్టణం పొలిమేరలో గుట్టపై నాలుగు దిక్కులా ఒకే తీరు మండపాలతో నిలిచిన లా రొటొండా వీటిలో అత్యంత ప్రసిద్ధమైనది. అయితే అది పోపు కొలువులో పనిచేసి వచ్చిన ఒక మతాధికారి విశ్రాంతి కోసం కట్టించుకున్న ఇల్లు. ఊరికి చేరువ కనుక పల్లాడియో స్వయంగా దానిని నగర గృహాల సరసన చేర్చాడు. మీ ప్రశ్నకు సమాధానం కళ్లారా చూడాలంటే మాసెర్‌లోని విల్లా బార్బరోకూ, ఫాంజోలోలోని విల్లా ఎమోకూ వెళ్లడమే మేలని నా అభిప్రాయం.

మాసెర్‌లో ఇంటి వెనుక కొండవాలున ఊట ఉంది. ఆ నీరు ముందు వంటింటికి, తరువాత తోటలకు, చేపల కొలనుకు పారేలా ఏర్పాటు చేశారు. లోపలి గోడలపై వెరొనేసే వేసిన చిత్రాల్లో ఇంటి యజమానురాలు పిట్టగోడ మీదుగా కిందికి చూస్తుంటుంది, ఒక చిన్న పాప సగం తెరిచిన తలుపు చాటు నుంచి తొంగి చూస్తుంటుంది. ఆ తలుపూ చిత్రమే. ఆ గదులకు తొందరపడకుండా సమయం కేటాయించండి. ఎమోలో అలంకరణ కన్నా దాని నిరాడంబరమైన రూపం, ముంగిట వెడల్పాటి వాలుబాట, చుట్టూ నేటికీ మిగిలిన పొలాలు ఆకట్టుకుంటాయి.

ఈ రెండూ దగ్గర దగ్గర ఊళ్లే కాబట్టి కారులో ఒకే రోజు చూడవచ్చు. చాలా విల్లాలు ప్రైవేటు యాజమాన్యంలో ఉన్నందున అన్ని రోజులూ తెరవరు. వేళలు ముందుగా కనుక్కొని బయలుదేరండి.