ఒంటరి పరమాణు ఉత్ప్రేరకాల్లో లోహం ఒక్కటే సరిపోదా, నత్రజని ఎందుకు?

సరిపోదు. రసాయన చర్యను వేగవంతం చేసే ఈ పదార్థాల్లో లోహం ముద్దగా కాక విడివిడి పరమాణువులుగా ఉంటుంది, అలాంటి విడి పరమాణువులు స్థిరంగా ఉండవు. వేడి తగిలితే చాలు, ఒకచోట చేరి ముద్ద కట్టేస్తాయి. వాటిని కార్బన్ పొరలో పట్టి ఉంచేది నత్రజనే. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరుగా మారేటప్పుడు కరెంటు ఇచ్చే ఫ్యూయల్ సెల్‌లో ప్లాటినానికి బదులు వాడాలని చూస్తున్న ఇనుము ఉత్ప్రేరకంలో ఒక్కో ఇనుప పరమాణువును సాధారణంగా నాలుగు నత్రజనులు పట్టుకుని ఉంటాయి.

ఆ పట్టు ఇనుములోని ఎలక్ట్రాన్ల అమరికనూ మారుస్తుంది. ఇనుముకు ఆక్సిజన్ మరీ గట్టిగా అతుక్కుంటే ఆ స్థానం మూసుకుపోతుంది, మరీ వదులుగా ఉంటే చర్య సరిగా మొదలే కాదు. డిజైన్‌లో కష్టమంతా ఈ మధ్యస్థాన్ని పట్టుకోవడంలోనే ఉంది. ఇనుము స్థానంలో కోబాల్ట్ పెడితే ఆక్సిజన్ నీరుగా మారకుండా హైడ్రోజన్ పెరాక్సైడ్ దగ్గరే ఆగిపోయే మొగ్గు ఎక్కువ. నికెల్ అయితే కార్బన్ డయాక్సైడ్‌ను కార్బన్ మోనాక్సైడ్‌గా మార్చడంలో దిట్ట.

తయారీలో నాకు బాగా నచ్చే ఉపాయం జింక్‌ది. ముడి పదార్థంలో ఇనుప పరమాణువుల మధ్య జింక్‌ను ఎడంగా ఉంచి, జడ వాయువులో 900 డిగ్రీల సెల్సియస్ పైన కాలుస్తారు. 907 డిగ్రీల దగ్గర మరిగే జింక్ ఆవిరైపోతుంది. ఇనుము దూరదూరంగా మిగులుతుంది, పైగా రంధ్రాలూ ఏర్పడతాయి.

అసలు టెన్షన్ మన్నికతోనే. సెల్ లోపలి ఆమ్లంలో ఇనుము కరిగి జారిపోతుంది, పెరాక్సైడ్‌తో కలిసి అది పుట్టించే రాడికల్స్ అనే అతి చురుకైన కణాలు కార్బన్‌నే తినేస్తాయి. అందుకే ఏ కొత్త ఉత్ప్రేరకమైనా తొలిరోజు ఇచ్చిన కరెంటు కన్నా, వందల గంటలు నడిచాక ఎంత మిగిలిందన్నదే నేను ముందు చూస్తాను.