ఊళ్లో పెంకుటిల్లు కురుస్తోంది, స్లాబ్ వేయించాలా?

జూన్ వచ్చిందంటే మెల్‌బోర్న్‌లో కొత్తగా దిగిన మన నల్లగొండ, పాలమూరు పిల్లల నుంచి నాకు ఇదే ఫోను. "అన్నా, ఊళ్లో ఇల్లు కురుస్తోంది. అమ్మా నాయినా ఇద్దరే ఉంటున్నారు. కూలగొట్టి స్లాబ్ వేద్దామంటున్నాడు మా బావ. ఎంత పంపాలంటావు?" డబ్బు సంగతి తర్వాత. కురుస్తున్నది ఎక్కడో చూశారా అంటే ఎవరి దగ్గరా జవాబు ఉండదు. వీడియో కాల్‌లో కనిపించేది నేల మీద పెట్టిన బిందె ఒక్కటే. నాయినను అడిగితే "ఏం కాదు బిడ్డా, రెండు పెంకలు జరిగినయ్" అంటాడు.

బిందె ఉన్నచోటికి సరిగ్గా పైనే పెంకు పగిలి ఉండాలని లేదు. పగులులోంచి దిగిన నీళ్లు వాసం వెంట జారి ఎక్కడో బారెడు దూరంలో చుక్క కడతాయి. అందుకని మిట్టమధ్యాహ్నం తలుపులు, కిటికీలు మూసి, లైట్లు ఆపి పైకి చూడమనండి. పెంకు జరిగినచోట, విరిగినచోట వెలుతురు సన్నగా పడుతుంది. అక్కడ వాసం మీద సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. పని రోజున ఒకరు లోపలి నుంచి కర్రతో తడితే పైనున్న మనిషికి ఆ పెంకు ఏదో తెలిసిపోతుంది. వెంట్రుకంత పగులుంటే వెలుతురు రాదు, దాన్ని చెవితో పట్టాలి. వేలి కణుపుతో కొడితే మంచి పెంకు ఖంగుమంటుంది, పగిలింది ఓటికుండలా పలుకుతుంది.

అసలు భయపడాల్సింది పెంకు గురించి కాదు, గోడ గురించి. మన వైపు పాత ఇళ్లు చాలావరకు రాయి, మట్టి కలిపి కట్టినవి. గది మధ్యలో పడే చుక్క బిందెతో పోతుంది. అదే నీరు గోడ తలలోకి దిగితే మట్టి లోపల్లోపలే నాని ఒక రాత్రి గోడ ఒరుగుతుంది. ముసురు పట్టినప్పుడు పాత ఇంటి గోడ కూలి నిద్రలోనే మనుషులు పోయారన్న వార్తలు మనకు కొత్తేం కాదు. గోడకు ఉబ్బు కనిపించినా, పైనుంచి కిందికి తడి చార దిగినా డబ్బు పంపడం గురించి ఆలోచించే ముందు అమ్మానాయినల మంచాలు ఆ గదిలోంచి తీయించండి. నడుమ ఆకాశం కనిపించే వాకిలి చుట్టూ కప్పు ఉండే భవంతి ఇళ్లలోనైతే ముందు లోపలి నాలుగు మూలలు చూడమనండి. రెండు వాలుల నీళ్లు కలిసేది అక్కడే, కింద పరిచిన రేకు తుప్పు పట్టేదీ అక్కడే. దూలాలు, వాసాలు గోడలోకి దిగేచోట చాకు మొనతో గుచ్చి చూడాలి. మెత్తగా దిగబడిందా, చెదల మట్టి రాలిందా, అప్పుడిక ఇది పెంకుల పని కాదు, వడ్రంగి పని.

కర్ర గట్టిగా ఉంటే మిగిలింది పెద్ద పనేం కాదు. సగం గొట్టంలా వంపు తిరిగిన గూన పెంకులు పగిలేదానికన్నా జరిగేదే ఎక్కువ. అవి ఒకదాని మీద ఒకటి ఊరికే ఆనుకుని ఉంటాయి కాబట్టి వానలకు ముందు ఏటా సర్దించే ఆనవాయితీ ఉండేది. ఇంట్లో వయసు పిల్లలు లేక చాలాచోట్ల అది పోయింది. దానికి తోడు కోతులు. కప్పు మీదికి వంగిన వేపకొమ్మ, చింతకొమ్మ కొట్టించేయండి, సగం దూకుడు తగ్గుతుంది. కోతులను బెదరగొట్టడానికి కొండముచ్చును తెచ్చి కట్టేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది.

బెంగుళూరు పెంకులని మనవాళ్లు పిలిచే మంగళూరు పెంకులైతే లెక్క వేరు. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగళూరులో పెట్టిన ఫ్యాక్టరీతో మొదలైన రకం అది. తర్వాత ఎన్నో కంపెనీలు ఎవరి అచ్చుతో వాళ్లు చేశాయి. చూడటానికి ఒకేలా ఉన్నా ఒక కంపెనీ పెంకు ఇంకో కంపెనీ పెంకు గాడిలో సరిగా కూర్చోదు. పగిలిన పెంకును వెనక్కి తిప్పితే కంపెనీ పేరు అచ్చులో కనిపిస్తుంది. దాన్ని ఫొటో తీయించి, అదే అచ్చు కోసం చుట్టుపక్కల ఊళ్లలో కూలగొడుతున్న ఇళ్ల దగ్గర అడిగించండి. దొరికితే కాసిన్ని ఎక్కువే కొని గోడవారగా నిలబెట్టించండి. పగిలిన పెంకుకు సిమెంటు పూయడం దండగ. ఎండకు అది వదిలేస్తుంది, ఈలోగా పక్క పెంకును కూడా పట్టేసి రేపు తీయబోతే రెండూ విరుగుతాయి. టార్పాలిన్ ఒక వానకు సరే. నెలల తరబడి ఉంచితే కింద చెమ్మ ఆరక కర్ర కుళ్లుతుంది.

సిమెంటు రేకులు చవక అంటారు. మేలో నల్లగొండ ఎండ 45 డిగ్రీలు దాటినప్పుడు వాటి కింద ముసలివాళ్లు పడుకోగలరా? పైగా మనం ఉంటున్న ఈ ఆస్ట్రేలియాలో ఆస్‌బెస్టాస్‌ను 2003 డిసెంబర్ 31 నుంచి పూర్తిగా నిషేధించారు. మన దగ్గర అది కలిసిన రేకులు ఇంకా అమ్ముతూనే ఉన్నారు. ఇక బావ చెప్పిన స్లాబ్. మట్టి గోడ ఆ బరువు మోయదు. పునాది నుంచి పిల్లర్లు లేపాల్సిందే, అంటే కొత్త ఇల్లే. కట్టొద్దని కాదు. రిపేరు ఖర్చు అనుకుని మొదలుపెట్టి సగంలో టెన్షన్ పడొద్దనే చెబుతున్నా.

పెంకు పని తెలిసినవాళ్లు ఇప్పుడు ఊరికి ఒకరో ఇద్దరో, వాళ్లూ పెద్దవాళ్లే. గుత్తకు ఇవ్వకుండా రోజు కూలికి పెట్టుకోండి. గుత్తకిస్తే వేగం పెరిగి కాళ్ల కింద మంచి పెంకులు కూడా పోతాయి. నిచ్చెన అడ్డంగా పరిచి దాని మీద నడవాలి, పెంకు మీద కాదు. రోహిణి కార్తె దాటకముందే, పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ఎక్కేలోపు దిగిపోవాలి. నాయిన "నేనే ఎక్కి సర్దుతా" అంటాడు, అస్సలు ఒప్పుకోకండి.

చివరగా కాగితాలు. గ్రామకంఠంలోని, అంటే ఊళ్లో ఇళ్ల కోసం ఉన్న స్థలంలోని, పాత ఇళ్లకు చాలావాటికి రిజిస్టర్ దస్తావేజు ఉండదు. ఇంటి నంబరు, పంచాయతీ పన్ను రసీదు, మనుషులు కాపురం ఉండటం, ఇవే ఆధారం. పాత గోడ కూలిన మర్నాడే హద్దు తగాదా మొదలవుతుంది, ఉమ్మడి గోడ అయితే మరీను. కూల్చాల్సే వస్తే ముందు నాలుగు హద్దులూ ఫొటోలు తీయించి, పక్కింటివాళ్లనూ అన్నదమ్ములనూ కూర్చోబెట్టి కొలతలు రాయించి సంతకాలు పెట్టించండి. పెంకులు మార్పించడానికి ఇవేవీ అక్కర్లేదు, పవర్ ఆఫ్ అటార్నీ అసలే అక్కర్లేదు. ఇంటి పన్ను మాత్రం ఏటా కట్టించి రసీదు ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకోండి.