కలెక్టర్ కల: మా అమ్మాయిని ఇంకా రాయనివ్వాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఆరో తరగతి నుంచి కలెక్టర్ అవుతానంటోంది. ఈసీఈలో బీటెక్ చేసింది. 2022లో సివిల్స్ ప్రిలిమ్స్ పోయింది. 2023లో మెయిన్స్ రాసి 702 దగ్గర ఆగిపోయింది. 2024లో మళ్లీ ప్రిలిమ్స్‌లోనే పోయింది, 84.67 వచ్చాయి. 2025లో అప్లై చేసింది కానీ జ్వరం వల్ల రాయలేదు. నాలుగు ఛాన్సులు అయిపోయాయి, వయసు 27. మాకు నాలుగెకరాల పొలం, చిన్న ఎరువుల దుకాణం. ఓసీలం. తనకు చిన్న ఉద్యోగం వచ్చేలా ఉంది, చేరితే చదువు పాడవుతుందని భయం. ఇంకా రాయనివ్వాలా, గ్రూప్-1కి మార్చాలా? సంబంధాలు కూడా వస్తున్నాయి. పదో తరగతి పాసైన మా అబ్బాయినైనా ఐఏఎస్ కోచింగ్ కలిపి చెప్పే ఇంటర్ కాలేజీలో వేద్దామా? మార్కుల వివరాలు జతచేశాను.
– ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: ముందు లెక్క సరిచేద్దాం. మీ అమ్మాయి వాడుకున్నవి నాలుగు కాదు, మూడే. అప్లై చేసి పరీక్షకు వెళ్లకపోతే అటెంప్ట్ కింద రాదు. ప్రిలిమ్స్‌లో ఒక్క పేపరు రాసినా వస్తుంది. జనరల్ కోటాలో ఆరు అటెంప్టులు, పరీక్ష జరిగే ఏడాది ఆగస్టు 1 నాటికి 32 నిండకూడదు. కాబట్టి ఇంకా మూడు అవకాశాలున్నాయి, వాటికి సరిపడా వయసూ ఉంది.

ప్రిలిమ్స్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఇలాంటి ఉత్తరాలు వస్తాయి. ‘రాయనివ్వాలా’ అని అడుగుతారు గానీ, లోపల ఉన్న భయం వేరు: ముప్పై ఏళ్లు వచ్చాక చేతిలో ఏమీ లేకుండా మిగిలిపోతే పిల్ల గతి ఏమిటని. ఆ భయం న్యాయమైనదే. కాకపోతే దానికి మందు చదువు మాన్పించడం కాదు, చేతిలో జీతం ఉండేలా చూడటం. శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతానికి చెందిన రోణంకి గోపాలకృష్ణ ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్పుకుంటూనే 2016 సివిల్స్‌లో 3వ ర్యాంకు తెచ్చుకున్నారు. ఆయన ఆప్షనల్ (మెయిన్స్‌కు అభ్యర్థే ఎంచుకునే సబ్జెక్టు) తెలుగు సాహిత్యం. మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్ 2017లో మొదటి ర్యాంకు కొట్టింది ఐదో ప్రయత్నంలో, అప్పటికే ఐఆర్‌ఎస్ (కేంద్ర రెవెన్యూ సర్వీసు) ఉద్యోగంలో ఉండి. వాళ్ల పట్టుదల గురించి అందరూ చెబుతారు. ఆ పట్టుదల అన్నేళ్లు నిలబడటానికి నెల తిరిగేసరికి వచ్చే జీతం ఎంత సాయపడిందో తక్కువమంది గమనిస్తారు.

ఇక మార్కులు. 2023 మెయిన్స్‌లో జనరల్ కటాఫ్ 741. మీ అమ్మాయికి వ్యాసం 121, జనరల్ స్టడీస్ (జీఎస్) నాలుగు పేపర్లు వరుసగా 92, 98, 81, 88, సోషియాలజీ ఆప్షనల్ 118, 104. అంటే 39 మార్కులు తక్కువ. ఈ 39 ఎక్కడ పోయాయో అమ్మాయి దగ్గర కూర్చుని చూశారా? ఆప్షనల్‌లో 500కి 222. అది 261 అయితే మిగతావేవీ మారకపోయినా కటాఫ్ అందేది. రెండో పేపరు 104 దగ్గర ఆగిందంటే నాకు తోచే కారణం ఒకటే. భారతీయ సమాజం గురించి అడిగిన ప్రశ్నకు జీఎస్ జవాబులా రాసేసి ఉంటుంది. ఘుర్యే, ఎం.ఎన్. శ్రీనివాస్, ఏ.ఆర్. దేశాయ్ లాంటి సమాజశాస్త్రవేత్తల దృక్కోణాలు జవాబులో కనిపించకపోతే అది పత్రికా వ్యాసంలా ఉంటుంది తప్ప సోషియాలజీ అనిపించుకోదు. ఆప్షనల్ మార్చేద్దామని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. కొత్త సబ్జెక్టు చేతికి రావడానికి ఏడాది పోతుంది. ఇక్కడ మారాల్సింది రాసే తీరు.

జీఎస్-3లో 81 చూస్తే, చివర్లో రెండు మూడు ప్రశ్నలు వదిలేసిందేమో అనిపిస్తోంది, అడగండి. మూడు గంటల్లో 20 జవాబులు. 10 మార్కులవి పది, 15 మార్కులవి పది. మొదటి రకానికి 7 నిమిషాలు, రెండో రకానికి 11 నిమిషాలు పెడితే సరిగ్గా 180 నిమిషాలు. మొదటి నాలుగు జవాబులకు పన్నెండేసి నిమిషాలు పోస్తే చివరివి ఖాళీగా మిగులుతాయి. గడియారం పెట్టుకుని వారానికి రెండు పూర్తి పేపర్లు రాయడం తప్ప దీనికి మరో దారి లేదు.

2024 ప్రిలిమ్స్‌లో కటాఫ్ 87.98. తేడా మూడు మార్కుల పైచిలుకు, అంటే రెండు ప్రశ్నలు. ఆ 84.67 లెక్క కట్టి చూస్తే 55 ఒప్పు, 38 తప్పు అయి ఉండొచ్చు. అదే నిజమైతే 93 ప్రశ్నలకు జవాబు పెట్టింది. నాలుగు ఆప్షన్లలో ఏదీ తెలియక గుడ్డిగా పెడితే సగటున లాభం సున్నా. ఒప్పుకు 2, తప్పుకు మైనస్ 0.67 కాబట్టి పోయేది, వచ్చేది సమానమవుతాయి. రెండు ఆప్షన్లు తీసేసి మిగతా రెండింట్లో పెడితే మాత్రం ప్రశ్నకు సగటున 0.67 లాభం. ఇకపై ప్రతి మాక్ టెస్టులో జవాబు పక్కన ‘ఖాయం’, ‘రెండింట్లో ఒకటి’, ‘గుడ్డిగా’ అని గుర్తు పెట్టుకోమనండి. పది టెస్టులు అయ్యేసరికి ఎక్కడ ఆగాలో తన అంకెలే తనకు చెబుతాయి. 2022లో జనరల్ కటాఫ్ 88.22, 2023లో 75.41. పేపరును బట్టి ఇంత మారే కటాఫ్‌ను ఊహించి ‘ఇన్ని పెట్టాలి’ అని ముందే లెక్క వేసుకుని వెళ్లినవాళ్లు దెబ్బతింటారు.

మెయిన్స్ దాకా వెళ్లి, మరుసటి ఏడు రెండు ప్రశ్నల తేడాతో పోయిన పిల్లను పట్టుకుని ‘దీనికి రాదు’ అంటే తప్పు మీదే అవుతుంది. ఇంట్లో ఏం జరుగుతుంటుందో మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. ఫలితాల రోజు బంధువుల ఫోన్లు, అమెరికా వెళ్లిన మేనకోడలి జీతం ప్రస్తావన, పెళ్లిచూపులకు మాక్ టెస్టు మానెయ్యమనడం. చదువు ఆగేది అక్కడే. సంబంధాల గురించి అమ్మాయితో ఒక్కసారి కూర్చుని తేల్చుకోండి. తేలాక మళ్లీ ఎత్తకండి. అబ్బాయి చదువుతుంటే ‘ఇంకో రెండేళ్లు చూద్దాం’ అనే ఇళ్లలోనే అమ్మాయికి గడువు పెడుతున్నారు. మీరు ఆ పని చేయకండి.

ఉద్యోగం వస్తే చేరమనండి. రోజూ మూడు గంటలు, శని ఆదివారాల్లో ఎనిమిదేసి గంటలు కలిపితే వారానికి 31 గంటలు. మూడుసార్లు రాసిన మనిషికి అవి చాలు. శనివారం సెలవు లేని ఉద్యోగమైతే మాత్రం ఈ లెక్క నిలవదు. ప్రిలిమ్స్ ముందు మూడు వారాలు, ప్రిలిమ్స్ అయ్యాక మెయిన్స్‌కు ఉండే సుమారు మూడు నెలల్లో వీలైనంత సెలవు దొరుకుతుందా అన్నది చేరే ముందే కనుక్కోవాలి. ప్రభుత్వ ఉద్యోగమైతే అప్లై చేస్తున్నట్టు పై అధికారికి రాతపూర్వకంగా తెలపాలి.

గ్రూప్-1కి మార్చాలా అని అడిగారు. సిలబస్ చాలావరకు కలుస్తుంది, తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం పేపరు మాత్రం విడిగా చదవాలి. నోటిఫికేషన్ వస్తే తప్పకుండా రాయమనండి. ‘మారడం’ మాత్రం వద్దు. యూపీఎస్సీ పరీక్ష ఏటా దాదాపు చెప్పిన వేళకు జరుగుతుంది. తెలంగాణలో 503 పోస్టులకు 2022లో ఇచ్చిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపరు లీకై రద్దయింది, 2023లో మళ్లీ పెడితే కోర్టులో రద్దయింది. 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వస్తే, ఆ ఫలితాలూ కోర్టు మెట్లెక్కాయి. 2022 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చిన గ్రూప్-2 పరీక్ష 2024 డిసెంబరులో జరిగింది. దాన్నే నమ్ముకుని కూర్చున్నవాళ్ల వయసు ఎంత కరిగిందో మీకు తెలియనిది కాదు. డిప్యూటీ కలెక్టర్ పోస్టు వస్తే మాత్రం కల దూరమైనట్టు కాదు. ఆ హోదాలో కనీసం 8 ఏళ్ల సర్వీసు ఉన్నవాళ్లను పదోన్నతి మీద ఐఏఎస్‌లోకి తీసుకుంటారు.

ఇప్పుడు అబ్బాయి సంగతి. ఇంటర్ నుంచే ఐఏఎస్ అనే ప్యాకేజీల మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. పరీక్ష రాయాలంటే 21 నిండాలి, కనీసం డిగ్రీ చివరి ఏడాదిలో ఉండాలి. పదహారేళ్ల పిల్లాడికి ఇప్పుడు చెప్పే కరెంట్ అఫైర్స్ అప్పటికి పనికిరావు. పాలిటీ, ఎకానమీ నోట్సు బట్టీ పట్టిస్తారు, రాయడం నేర్పరు. మెయిన్స్‌లో నిలబెట్టేది ఆ రాతే. అన్నిటికన్నా పెద్ద నష్టం, డిగ్రీ సబ్జెక్టు నామమాత్రంగా సాగడం. శ్రద్ధగా చదివిన డిగ్రీ సబ్జెక్టు రేపు 500 మార్కుల ఆప్షనల్ అవుతుంది, సివిల్స్ రాకపోతే పీజీకో ఉద్యోగానికో దారి చూపుతుంది. అది కూడా లేకుండా ఐదేళ్ల ఫీజు కట్టి బయటికొచ్చిన కుర్రాడికి ఏం మిగులుతుంది? పైగా మీ ఉత్తరంలో కల అంతా అమ్మాయిది. అబ్బాయికి ఏం కావాలో ఒక్క వాక్యం లేదు. అక్కకు రానిది వీడితో తెప్పిద్దామనుకుంటే ఇద్దరికీ అన్యాయం. తనకు నచ్చిన గ్రూపులో మామూలు ఇంటర్ కాలేజీలో వేయండి. రోజూ అరగంట పేపరు, వారానికి ఒక పేజీ సొంత రాత అలవాటైతే ఈ వయసుకు అదే ఎక్కువ.

మీరడగనిది ఒకటుంది. మీది నాలుగెకరాలంటున్నారు. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు, పొలం 5 ఎకరాల లోపు ఉంటే ఈడబ్ల్యూఎస్ (ఓసీల్లో ఆర్థికంగా వెనుకబడినవారి కోటా) కిందికి వస్తారేమో చూడండి. ఇళ్లు, స్థలాలకు కూడా పరిమితులున్నాయి. 2023 మెయిన్స్‌లో ఈడబ్ల్యూఎస్ కటాఫ్ 706. మీ అమ్మాయికి వచ్చినవి 702. దీనివల్ల వయసులో, అటెంప్టుల్లో సడలింపు రాదు, తేడా కటాఫ్‌లోనే. ఓబీసీల్లో సంపన్నులను పక్కనపెట్టే క్రీమీలేయర్‌లో వ్యవసాయ ఆదాయం లెక్కలోకి రాదు గానీ ఈడబ్ల్యూఎస్‌లో వస్తుంది. దుకాణం ఆదాయమూ, అమ్మాయి ఉద్యోగంలో చేరితే ఆమె జీతమూ కలుస్తాయి. చూసేది అంతకుముందు ఆర్థిక సంవత్సరపు ఆదాయం. సర్టిఫికెట్ తహసీల్దారు ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ నమూనాలోనే కావాలని మీసేవలో అప్లై చేసేటప్పుడే చెప్పండి. సివిల్స్ దరఖాస్తు గడువుకు ముందు తేదీతో అది చేతిలో ఉండాలి. ఒక్కరోజు దాటినా ఆ ఏడాది జనరల్ కిందే లెక్క.