పార్టీ రిజిస్టరైంది, గుర్తు మాత్రం మీది కాదు

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. ఢిల్లీలో ఎన్నికల సంఘం దగ్గర రిజిస్టరైన ఒక చిన్న పార్టీలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. ముందు ఎంపీటీసీగా, తర్వాత అసెంబ్లీకి నిలబడమంటున్నారు. ‘మన గుర్తు మనకుంది, రెండింటికీ అదే’ అని రాష్ట్ర నాయకులు చెబుతున్నారు. నేను బీసీని. 2019లో సర్పంచ్‌గా పోటీ చేసి ఓడిపోయాను. అప్పటి ఖర్చుల లెక్క ఇచ్చానో లేదో గుర్తు లేదు. పంచాయతీలో ఒక సీసీ రోడ్డు పని చేశాను, బిల్లు ఇంకా రాలేదు. నా నామినేషన్ ఎక్కడైనా దెబ్బతింటుందా? – ఒక పాఠకుడు

జవాబు: మీ నాయకులు రిజిస్ట్రేషన్‌నీ గుర్తింపునీ కలిపేసి చెబుతున్నట్టున్నారు. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 29ఎ సెక్షన్ కింద పేరు నమోదైతే అది రిజిస్టర్డ్ పార్టీ. గుర్తింపు రావాలంటే నిర్ణీత శాతంలో ఓట్లో, సీట్లో తెచ్చుకోవాలి. అంతవరకు ఏ గుర్తూ పార్టీ సొత్తు కాదు. జనసేననే చూడండి. 2019 నుంచి ఆంధ్రాలో గాజు గ్లాసు అంటే ఎవరి గుర్తో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. అయినా 2024 ఎన్నికల్లో ఆ పార్టీ పోటీలో లేని చోట్ల అదే గ్లాసు స్వతంత్రులకు వెళ్లింది, గొడవ హైకోర్టు దాకా నడిచింది. 21 అసెంబ్లీ సీట్లు, 2 లోక్‌సభ సీట్లు గెలిచాక, 2025 జనవరిలో గుర్తింపు వచ్చింది. అప్పుడు గానీ గ్లాసు ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ల సొంతం కాలేదు. ఉప ముఖ్యమంత్రి పార్టీకే అన్నేళ్లు పట్టిందంటే మీ పార్టీ సంగతి ఆలోచించుకోండి.

గుర్తింపు లేని పార్టీలకు ఒక వెసులుబాటు ఉంది. 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వులో 10బి అనే పేరా కింద, రాష్ట్రంలోని అసెంబ్లీ సీట్లలో కనీసం 5 శాతం చోట్ల అభ్యర్థులను నిలబెడతామంటే ఆ ఎన్నికకు అందరికీ ఒకే గుర్తు ఇస్తారు. తెలంగాణలో 119 సీట్లు కాబట్టి కనీసం 6 చోట్ల నిలబెట్టాలి. ఈ దరఖాస్తు నోటిఫికేషన్ రాకముందే ఢిల్లీకి చేరాలి. మీ పార్టీకి ఆ ఆరుగురూ ఉన్నారా, దరఖాస్తు ఎవరు పెడుతున్నారు అని ఇప్పుడే అడగండి. ఇంకో మాట కూడా అడగాలి, కాస్త మొహమాటంగా ఉన్నా సరే. పార్టీ ఇంకా జాబితాలో ఉందా? వరుసగా ఆరేళ్లు ఏ ఎన్నికలోనూ పోటీ చేయలేదని 2025 ఆగస్టులో 334 పార్టీలను, సెప్టెంబరులో మరో 474 పార్టీలను ఎన్నికల సంఘం జాబితా నుంచి తీసేసింది. గోడ మీద బోర్డు ఉన్నంత మాత్రాన పార్టీ ఉన్నట్టు కాదు.

ఇక ఎంపీటీసీకి ఇదంతా పనికిరాదు. స్థానిక ఎన్నికలు జరిపేది రాజ్యాంగం 243కె అధికరణ కింద ఏర్పడిన రాష్ట్ర ఎన్నికల సంఘం. ఢిల్లీ సంఘానికీ దీనికీ సంబంధం లేదు, గుర్తుల జాబితా కూడా వేరు. 10బి కింద అసెంబ్లీకి వచ్చిన గుర్తు ఎంపీటీసీ బ్యాలెట్ మీదకు దానంతటదే రాదు. మీ పార్టీ పేరు హైదరాబాద్‌లోని రాష్ట్ర సంఘం దగ్గర విడిగా నమోదై ఉందా, ఉంటే ఏ వర్గంలో ఉంది అన్నది కాగితం మీద చూడాలి. లేకపోతే స్వతంత్రులతో పాటు మీరూ ఫ్రీ సింబల్స్‌లోంచి, అంటే ఏ పార్టీకీ కేటాయించని గుర్తుల్లోంచి ఒకటి ఎంచుకోవాల్సిందే. 2019లో మీరు పోటీ చేసిన సర్పంచ్ పదవికైతే అసలు పార్టీయే లేదు. పేపర్లలో రాసే ‘ఫలానా పార్టీ బలపరిచిన అభ్యర్థి’ అన్న మాటకు చట్టంలో చోటు లేదు.

అసెంబ్లీ నామినేషన్‌లో చిన్న పార్టీలవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ప్రతిపాదకుల దగ్గర, అంటే అభ్యర్థి పేరును ప్రతిపాదిస్తూ సంతకం పెట్టేవాళ్ల దగ్గర. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు చాలు. మీకు, స్వతంత్రులకు పదిమంది కావాలి. ఆ పదిమందీ అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి. పక్క నియోజకవర్గంలో ఓటున్న బావమరిది సంతకం పెడితే ఆ పదిలో ఒకటి పోయినట్టే, తొమ్మిది మిగిలితే నామినేషన్ పోయినట్టే. వేలిముద్ర వేసేవాళ్లుంటే ఇంట్లో వేయించుకుని వెళ్లకండి, రిటర్నింగ్ అధికారి ముందో, ఎన్నికల సంఘం నిర్దేశించిన అధికారి ముందో వేయించాలి. ఒక అభ్యర్థి నాలుగు సెట్ల నామినేషన్ పత్రాల దాకా వేయొచ్చు, డిపాజిట్ ఒక్కటే కడితే చాలు. కాబట్టి రెండో సెట్ వేరే పదిమందితో వేయండి. మా ఆఫీసుకు వచ్చేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే. సగంమంది ‘అంతమంది ఎందుకు సార్’ అంటారు, స్క్రూటినీ (నామినేషన్ల పరిశీలన) రోజున టెన్షన్ పడతారు.

డిపాజిట్ విషయంలో బీసీలు పొరబడుతుంటారు. ఎంపీటీసీకి 2,500 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలతో పాటు బీసీలకూ అందులో సగమే. అసెంబ్లీకి 10,000. అక్కడ సగం రాయితీ ఎస్సీ, ఎస్టీలకే గానీ బీసీలకు లేదు. అసెంబ్లీలో డిపాజిట్ వెనక్కి రావాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు కంటే ఎక్కువ రావాలి. 1,80,000 ఓట్లు చెల్లితే సరిగ్గా 30,000 వచ్చినా పోయినట్టే, 30,001 కావాలి.

ఇప్పుడు మీ సీసీ రోడ్డు. అసెంబ్లీకి సంబంధించి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 9ఎ సెక్షన్ ప్రకారం ప్రభుత్వంతో కాంట్రాక్టు ఇంకా నడుస్తూ ఉంటే అనర్హత. అయితే అదే సెక్షన్ వివరణలో మీకు ఊరట ఉంది. కాంట్రాక్టరు తన పని పూర్తిగా ముగించి ఉంటే, ప్రభుత్వం బిల్లు ఇవ్వలేదన్న ఒక్క కారణంతో కాంట్రాక్టు నడుస్తున్నట్టు లెక్కించరు. పెండింగ్ బిల్లులు ఇంతగా పేరుకుపోయిన రోజుల్లో ఈ వివరణ లేకపోతే పల్లెల్లో సగంమంది పోటీకే పనికిరాకుండా పోయేవారు. పంచాయతీరాజ్ చట్టంలో కూడా కాంట్రాక్టు అనర్హత ఉంది, అక్కడ పంచాయతీ పనులూ కిందికి వస్తాయి. కాబట్టి మాటతో సరిపెట్టుకోకండి. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) దగ్గరికి వెళ్లి ఎంబీలో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో ఫైనల్ రికార్డు అయిందో లేదో చూడండి, పని పూర్తయిన సర్టిఫికెట్ తీసుకోండి. చిన్న మరమ్మతు ఏదైనా మిగిలి ఉంటే నోటిఫికేషన్‌కు ముందే ముగించండి. ప్రత్యర్థి స్క్రూటినీలో మొదట లేవదీసేది దీన్నే.

2019 లెక్క గురించి. తెలంగాణలో స్థానిక ఎన్నికల ఖర్చు లెక్క ఫలితాలొచ్చిన 45 రోజుల్లో ఇవ్వాలి. గెలిచినా ఓడినా ఇదే గడువు. ఇవ్వనివాళ్లను మూడేళ్లు అనర్హులుగా ప్రకటించే అధికారం రాష్ట్ర ఎన్నికల సంఘానికి ఉంది. మీ మీద ఆర్డర్ వచ్చిందా, ఏ తేదీన వచ్చిందో ఎంపీడీఓ ఆఫీసులో కనుక్కోండి. ఆర్డర్ తేదీ నుంచి మూడేళ్లు దాటి ఉంటే భయం లేదు. అసెంబ్లీకైతే లెక్క గడువు 30 రోజులు, ఖర్చు పరిమితి 40 లక్షలు. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల కోసం వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. ఓడిపోయినవాళ్లు లెక్క మర్చిపోయి ఆ తర్వాతి ఎన్నికకు దూరమవడం నేను చూశాను.

అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలొద్దు. చెప్పడానికేమీ లేకపోతే ‘లేదు’ అనో, ‘వర్తించదు’ అనో రాయండి. ధర్నా కేసులేమైనా ఉంటే దాచకండి. కేసు నడుస్తున్నంత మాత్రాన పోటీకి అడ్డు కాదు, దాచితేనే చిక్కు.

చివరగా బీ-ఫారం, అంటే మీరే తమ అభ్యర్థి అని పార్టీ ఇచ్చే పత్రం. అసెంబ్లీకి అది నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు రిటర్నింగ్ అధికారి చేతిలో పడాలి, సిరాతో చేసిన సంతకం ఉండాలి. జిరాక్స్ చెల్లదు, వాట్సాప్‌లో వచ్చిన ఫొటో అంతకన్నా చెల్లదు. పది సంతకాలు ఉండి బీ-ఫారం అందకపోతే మిమ్మల్ని స్వతంత్రుడిగా చూస్తారు, ఉమ్మడి గుర్తు దొరకదు. స్థానిక ఎన్నికల్లో ఈ గడువు వేరుగా ఉంటుంది, నోటిఫికేషన్ రాగానే ఆ తేదీ, ఆ గంట రాసిపెట్టుకోండి.