పోతరాజు ఆగాలి, కొరడా కదలాలి

ప్రశ్న: ప్రతి ఏడూ బోనాలకు కెమెరా పట్టుకుని వెళ్తాను. చీకటి పడ్డాక పోతరాజు ఆడుతుంటే ఫ్లాష్ వేసి తీస్తే మనిషి స్పష్టంగానే వస్తున్నాడు గానీ వెనకాలంతా చీకటి, పైగా నిలబడి ఫోజిచ్చినట్టు ఉంటోంది. ఫ్లాష్ లేకుండా తీస్తే మొత్తం అలికేసినట్టు వస్తోంది. ఆ ఊపు ఫొటోలోకి రావాలంటే ఏం చేయాలి? నాది మామూలు డీఎస్ఎల్ఆర్, పైన పెట్టుకునే ఫ్లాష్ ఉంది.
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: మీ రెండు రకాల ఫొటోల్లోనూ చెరి సగం సరుకు ఉంది, వాటిని ఒకే క్లిక్‌లో కలపాలి, అంతే. ఫ్లాష్ వేస్తూనే షట్టర్ స్పీడ్ తగ్గించండి, అంటే షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉండేలా పెట్టండి. షట్టర్ నెమ్మదిస్తే షేక్ వస్తుందని చాలామంది ఇక్కడే జంకుతారు. వస్తుంది, రావాలి కూడా. ఇలాంటి ఫ్లాష్ ఫుల్ పవర్‌లో వెలిగేది సుమారు సెకనులో వెయ్యో వంతు, పవర్ తగ్గిస్తే ఇంకా చాలా తక్కువ, కాబట్టి ఆ మెరుపు పడిన ముఖం, పసుపు పూసిన ఒళ్లు అక్కడికక్కడ ఆగిపోతాయి. షట్టర్ మాత్రం ఇంకా తెరిచే ఉంటుంది గనక వీధి లైట్ల వెలుగులో కొరడా, గజ్జెలు, వెనకాల జనం గీతలుగా సాగుతాయి. 1957లో అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ తీసిన పాలచుక్క ఫొటో, చుక్క పడి కిరీటంలా లేచినది, చూసే ఉంటారు. అందులోనూ పాలను ఆపింది షట్టర్ కాదు, ఫ్లాషే.

కెమెరా మాన్యువల్‌లో పెట్టండి. లైట్లు బాగా ఉన్న వీధిలో ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే శక్తి) 800, ఎఫ్5.6 (లెన్స్ కన్ను ఎంత తెరుచుకోవాలనే కొలత), షట్టర్ 1/15 సెకనుతో మొదలుపెట్టి, ముందు ఫ్లాష్ ఆపి ఒకటి తీసి చూడండి. ఫొటో కాస్త చీకటిగా, ఒక స్టాప్ తక్కువగా, అంటే సరిపడా వెలుగులో సగమే ఉన్నట్టు ఉండాలి. ఆ తర్వాతే ఫ్లాష్. వీధి ఇంకా కనిపించాలంటే షట్టర్ 1/8కి దించండి, మనిషి మరీ తెల్లగా వస్తే ఫ్లాష్ పవర్ తగ్గించండి. ఈ రెండూ వేరువేరు కుళాయిలని ఒకసారి తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ఒక్కటి చూసుకోండి, పోతరాజు వెనక పెద్ద లైటు గానీ మెరిసే మంటపం గానీ ఉంటే ఆ వెలుగు మనిషి మీదుగా పడి దెయ్యంలా అవతలివి కనిపించేలా వస్తాడు, కాబట్టి చీకటిగా ఉన్న వైపు నేపథ్యం ఎంచుకోండి.

ఇక అందరూ గొప్పగా చెప్పే రియర్ కర్టెన్ అనే ఫ్లాష్ సెట్టింగ్ సంగతి. మామూలుగా షట్టర్ తెరుచుకోగానే ఫ్లాష్ మెరుస్తుంది, కదలిక ఆ తర్వాత రికార్డవుతుంది, అందుకే ముందుకు దూకే మనిషికి గీతలు ముందుకే వచ్చి వెనక్కి జారుతున్నట్టు ఉంటాడు. రియర్ పెడితే ఫ్లాష్ చివర్లో మెరుస్తుంది, గీతలు వెనకే మిగులుతాయి. బరాత్ లాంటి ఒకవైపు సాగే వాటికి ఇది బాగా పనికొస్తుంది, కానీ ఒకేచోట గిరగిరా తిరిగే పోతరాజుకు నాకైతే పెద్ద తేడా కనిపించలేదు. పైగా 1/4 పెట్టారనుకోండి, పావు సెకను తర్వాత మనిషి ఎక్కడుంటాడో ఊహించి నొక్కాలి. తీన్మార్ దరువు చెవిన పడుతుంటే ఆ అంచనా దానంతటదే వస్తుంది, డప్పుకు ఒక దెబ్బ ముందే వేలు నొక్కుతాం. టీటీఎల్‌లో, అంటే ఫ్లాష్ పవర్‌ను కెమెరాయే చూసుకునే మోడ్‌లో ఉంటే ఫ్లాష్ రెండుసార్లు మెరిసినట్టు కనిపిస్తుంది, కంగారు పడకండి, మొదటిది వెలుగు కొలుచుకోవడానికి.

పసుపు బల్బుల తోరణాల కింద ఫ్లాష్ తెలుపు అతికినట్టు ఉంటుంది, ఫ్లాష్ మీద చిన్న ఆరెంజ్ జెల్ (రంగు ప్లాస్టిక్ ముక్క) అంటించండి. తెల్లటి ఎల్ఈడీల కింద అక్కర్లేదు.

పూనకంలో ఉన్నవాళ్ల ముఖం మీద దగ్గర్నుంచి ఫ్లాష్ కొట్టకండి. కొరడా తిరిగే మేర దూరంగా ఉండండి, నా లెన్స్ హుడ్ ఒకటి అలాగే పోయింది.

ప్రశ్న: ఫోన్ ఫ్లాష్‌తో ఇది కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, మెహిదీపట్నం

జవాబు: మామూలుగా కుదరదమ్మా. ఫోన్‌లో ఉండేది చిన్న ఎల్ఈడీ టార్చి, అది మెరిసి ఆరిపోదు, ఫొటో తీసినంతసేపూ వెలుగుతూనే ఉంటుంది, అందుకని కదిలేదాన్ని ఆపలేదు. దాని బదులు ఫోన్‌లో ప్రో మోడ్ (షట్టర్ లాంటివి మనమే మార్చుకునేది) ఉంటే సాయంత్రం వేళ షట్టర్ 1/15 పెట్టి, నెక్లెస్ రోడ్డు మీద వెళ్లే సైకిల్‌తో పాటే ఫోన్‌ను పక్కకు తిప్పుతూ తీయండి. సైకిల్ నిలుస్తుంది, వెనక చెట్లు, హుస్సేన్ సాగర్ గీతలవుతాయి. పదిట్లో ఎనిమిది చెడిపోతాయి, ఫోనే కాబట్టి డిలీట్ చేసేయండి.