ఫ్యూజ్ బాక్సు గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

కారులో డాష్‌క్యామ్‌కి (ముందు అద్దం దగ్గర పెట్టే కెమెరాకి) కీ సప్లై, అంటే కీ తిప్పినప్పుడే వచ్చే కరెంటు, ఎలా ఇవ్వాలో నువ్వు రాసి పంపింది చదివాను. భాష హాయిగా ఉంది, కానీ నువ్వు చెప్పినట్టు చేస్తే పని జరగదు. ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీయమన్నావు, కింది పేరాలో ఏ ఫ్యూజుకి కీ సప్లై వస్తోందో మీటర్ పెట్టి చూడమన్నావు. బ్యాటరీ ఊడదీశాక మీటర్ సున్నా తప్ప ఏం చూపిస్తుంది? ఇలాంటివి సోఫాలో కూర్చుని ఎవరూ చదవరు, డాష్‌బోర్డు కింద తల దూర్చి ఒక చేత్తో ఫోన్ పట్టుకుని చదువుతారు, నువ్వు ఏ వరుసలో రాస్తే ఆ వరుసలోనే చేసేస్తారు.

అందుకే ఒకసారి నువ్వే చేసి, చేసిన వరుసలో రాయి. కీ తీసినప్పుడు సున్నా, ఏసీసీలో (ఇంజిన్ ఆన్ కాకుండా రేడియో లాంటివి పనిచేసే స్థానంలో) పెట్టగానే 12 వోల్టుల దగ్గర చూపించే ఫ్యూజు వెతకాలి. ఎప్పుడూ కరెంటు ఉండేదానికి తగిలిస్తే, కెమెరా లాగేది 0.3 ఆంపియరే కదా అనిపిస్తుంది గానీ, వారం ఊరెళ్లొచ్చేసరికి అది 50 ఆంపియర్-అవర్లు. చిన్న కార్ల బ్యాటరీలు చాలావరకు అంతకన్నా తక్కువే. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ కంప్యూటర్ ఫ్యూజుల జోలికి పోవద్దని గట్టిగా చెప్పు.

సరైనది దొరికాక కీ తీసి, అప్పుడు నెగటివ్ ఊడదీసి, ఫ్యూజ్ ట్యాప్ (పాత ఫ్యూజు గాడిలోంచే కొత్త వైరుకి సప్లై తీసే, రెండు ఫ్యూజులు పట్టే ముక్క) గుచ్చాలి. నువ్వు దీన్ని ఒక్క ముక్కలో దాటేశావు, అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది. పాత ఫ్యూజు పీకాక ఆ గాడిలో ఒక కాలికే సప్లై ఉంటుంది, మీటర్‌తో ముందే చూసి పెట్టుకోవాలి. మామూలు ట్యాపుల్లో వైరు బయటికొచ్చే వైపు కాలు సప్లై లేని పక్కకు రావాలి. తిరగేసి పెట్టినా కెమెరా వెలుగుతుంది, కానీ దాని లోడు కూడా పాత ఫ్యూజు మీదే పడుతుంది.

‘సరైన ఫ్యూజు వేసుకోండి’ అని రాయకు, అంకె చెప్పు. ఫ్యూజు ముఖ్యంగా కాపాడేది వైరుని. సన్న వైరుకి 20 ఆంపియర్లది పెడితే, షార్ట్ అయినప్పుడు ఫ్యూజు కన్నా ముందు వైరే కాలిపోవచ్చు. డాష్‌క్యామ్‌కి 2, 3 ఆంపియర్లు చాలు.

ఫాగ్ ల్యాంపుల సంగతి ఇందులో కలపకు. 55 వాట్లవి రెండంటే 9 ఆంపియర్ల పైమాటే, దానికి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) కావాలి: దాని 30 నంబరు పిన్‌కి బ్యాటరీ నుంచి, బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజుతో, 87 నుంచి ల్యాంపులకి, 86కి స్విచ్ మీదుగా కీ సప్లై, 85 ఎర్త్, అంటే కారు బాడీకి. అది వేరే వ్యాసం.

కార్లలో కరెంటు చరిత్ర గురించిన మొదటి రెండు పేరాలూ కొట్టేయ్. ఫొటోలు రెండు చాలు, ట్యాప్ కాళ్లది ఒకటి, పెయింటు గీకి ఎర్త్ బిగించిన బోల్టుది ఒకటి. స్టీరింగ్ దగ్గర నీ సెల్ఫీ అక్కర్లేదు.