ఆఫీసు ఖాళీ చేస్తున్నాం, కూల్చడానికి ఎంతవుతుంది?

ప్రశ్న: నమస్కారమండీ. హిమాయత్‌నగర్‌లో ఒక కాంప్లెక్సు రెండో అంతస్తులో తొమ్మిదేళ్లుగా ట్యాక్స్ కన్సల్టెన్సీ నడుపుతున్నాను. కార్పెట్ ఏరియా 2,200 చదరపు అడుగులు. వచ్చే నెలాఖరుకి ఖాళీ చేయాలి. తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలని అగ్రిమెంటులో ఉంది. మేం వచ్చాక చేయించినవి ఇవీ: 1,800 చదరపు అడుగుల జిప్సం ఫాల్స్ సీలింగు, 70 అడుగుల పొడవున జిప్సం పార్టిషన్లు, మీటింగ్ రూముకీ ప్యాంట్రీకీ కలిపి 32 అడుగుల ఇటుక గోడ, నాలుగు స్ప్లిట్ ఏసీలు, వైరింగు, రెండు గ్లాస్ డోర్లు. ముగ్గుర్ని అడిగాను. ఒకరు లక్షా 40 వేలన్నారు, ఇంకొకరు 3 లక్షల 10 వేలన్నారు. మూడో ఆయన ‘మీరు రూపాయి ఇవ్వక్కర్లేదు, సామానంతా వదిలేయండి, నేనే ఎదురు 20 వేలిస్తా’ అన్నాడు. ఓనరు గారేమో ‘మీకెందుకమ్మా టెన్షన్, అడ్వాన్సు 6 లక్షల్లో 4 పట్టుకుని రెండు ఇచ్చేస్తా, కూల్చేది నేను చూసుకుంటా’ అంటున్నారు. మా ఏరియాలో కూలి మనిషికి వెయ్యి, డెబ్రిస్ ట్రాక్టరుకి ట్రిప్పు 3,500 చెబుతున్నారు. ఎవరి లెక్క నమ్మమంటారు? రెండు కొటేషన్ల ఫొటోలు కూడా పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఈ ముగ్గురూ ఒకే ఆఫీసు చూసి వెళ్లారా అని నాకు ముందు అనుమానమొచ్చిందమ్మా. మీరు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. 3 లక్షల 10 వేల కాగితంలో నాలుగో వరస చూడండి: ‘ఫ్లోరింగ్ రిమూవల్ 2,200’. దాని కిందే ‘ఫుల్ పెయింటింగ్’. మీరు చేయించిన వాటిలో టైల్స్ ఊసే లేదు. అంటే అవి ఓనరు వేయించినవి. ఆయన టైల్స్ మీ డబ్బుతో పగలగొట్టి కిందికి మోయించడానికి మీకు రేటు ఇచ్చారన్నమాట. ఆయన మోసగాడని నేననను. ‘మొత్తం తీసేయాలి’ అని మీరు అని ఉంటారు, ఆయన మొత్తం అనే రాసుకున్నాడు.

లక్షా 40 వేల కాగితంలో చివరి లైను ఇంకా ముఖ్యం. ‘విప్పిన సామాను కాంట్రాక్టరుది’ అని చిన్న అక్షరాల్లో ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

కాబట్టి రేటు అడిగే ముందు తొమ్మిదేళ్ల కిందటి ఫొటోలు వెతకండి. పూజ చేసి పాలు పొంగించిన రోజు ఎవరో ఒకరు ఫోనులో తీసే ఉంటారు. గణపతి పటం వెనక గోడ, పక్కన కిటికీ, కింద నేల కనిపిస్తే చాలు, అదే సాక్ష్యం. ఆ ఫొటోలు పట్టుకుని ఓనరు గారితో కలిసి ఒక్కసారి ఆఫీసంతా తిరగండి. ‘ఏవి తీయమంటారు’ అని కాకుండా ‘ఏవి ఉంచమంటారు’ అని అడగండి. సీలింగు శుభ్రంగా ఉంటే చాలామంది ఓనర్లు ఉంచేయమంటారు, తర్వాత వచ్చేవాళ్లకి చూపించుకోవచ్చని. ఆ ఒక్క మాటతో మీ పనిలో మూడో వంతు తగ్గిపోతుంది. అనుకున్నది అదే రోజు మెయిల్ పెట్టి ఆయన చేత ‘ఓకే’ అనిపించుకోండి.

ఇక లెక్క. కట్టేటప్పుడు అడుగుకి ఇంత అని చెల్లుతుంది. కూల్చేటప్పుడు అడుగు లెక్కన చెప్పేవాడు ఎక్కువగా గాల్లో చెబుతున్నట్టే. నేను ముప్పై ఏళ్లుగా బస్తాల్లో లెక్కేస్తాను. ఖాళీ సిమెంటు బస్తాలో ముప్పై కిలోలు నింపితే ఒక మనిషి రెండో అంతస్తు నుంచి మెట్ల మీదుగా దించగలడు. అంతకంటే నింపితే మధ్యాహ్నానికల్లా మోకాళ్లు పట్టేస్తాయి, మర్నాడు రాడు. ఎన్ని బస్తాలో తెలిస్తే ఎంతమందో, ఎన్ని రోజులో, ఎన్ని ట్రాక్టర్లో తెలిసిపోతాయి.

మీ ఇటుక గోడ నాలుగున్నర అంగుళాలదే అయ్యుంటుంది. రెండు వైపులా ప్లాస్టరింగుతో కలిపి చదరపు అడుగు పాతిక కిలోలు తూగుతుంది. 32 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు అంటే 320 అడుగులు, ఎనిమిది టన్నులు. జిప్సం సీలింగు ఇనుప ఫ్రేముతో కలిపి రెండు టన్నులుంటుంది. పార్టిషన్లు తొమ్మిది అడుగుల ఎత్తున్నాయనుకుంటే ఒకటిన్నర టన్ను. మొత్తం పదకొండున్నర టన్నులు, అంటే దాదాపు 380 బస్తాలు. మనిషి రోజుకి యాభై అయిదు బస్తాలు దించితే గొప్ప. మోతకే ఏడుగురి రోజు కూలి అయిపోతుంది.

ఇక్కడ చాలామంది తప్పులో కాలేసేది జిప్సం దగ్గర. బరువు లేదు కదా అని ట్రాక్టర్లు తక్కువ అనుకుంటారు. పగిలిన బోర్డు ముక్కలు ఒకదాని మీద ఒకటి సర్దుకోవు, మధ్యలో గాలే ఎక్కువ. ట్రాలీకి వంద ఘనపుటడుగులు వేసుకుంటే మీ ఎనిమిది టన్నుల ఇటుక రెండు ట్రాలీల పైచిలుకు, మూడున్నర టన్నుల జిప్సం మూడు ట్రాలీలు! ఆరు ట్రిప్పులు రాసుకోండి, 21 వేలు.

మనుషులు: సీలింగు విప్పడానికి ఆరు, పార్టిషన్లకి మూడు, గోడకి బ్రేకర్ మిషనుతో నాలుగు, వైరింగు విప్పే ఎలక్ట్రీషియనూ హెల్పరూ కలిపి మూడు, మోతకి ఏడు, బస్తాలు నింపి ట్రాలీ ఎక్కించడానికి అయిదు. ఇరవై ఎనిమిది. ఎలక్ట్రీషియనుకి కూలి ఎక్కువ కాబట్టి 30 వేలనుకోండి. బ్రేకర్ అద్దె, బస్తాలు, మాస్కులు, మెట్ల మీద పరిచే పట్టాలు 6 వేలు. ఇప్పటికి 57 వేలైంది. కాంట్రాక్టరుకి నూటికి ఇరవై చొప్పున 11,400. ఆయన కూడా బతకాలి కదా.

అసలు ఖర్చు కూల్చాక మొదలవుతుంది. సీలింగు ఊడదీశాక తల పైకెత్తి చూడండి. హ్యాంగర్లు, అంటే సీలింగుని వేలాడదీసే కడ్డీలు, నాలుగడుగులకొకటి వేసినా నూట పది చోట్ల శ్లాబు నుంచి యాంకర్లు వేలాడుతుంటాయి. ఓనర్లు డబ్బు పట్టుకునేది వీటి దగ్గరే. ప్రతిదాన్నీ గ్రైండరుతో కోసి, పుట్టీ పెట్టించాలి. ఇటుక గోడ లేచిపోయిన చోట 32 అడుగుల పొడవున నేల మీద చార మిగులుతుంది. గోడని టైల్స్ మీదే కట్టి ఉంటే అదృష్టం, గీతలతో బయటపడొచ్చు. టైల్స్ కోసి కట్టి ఉంటే మాత్రం తొమ్మిదేళ్ల కిందటి షేడు ఇప్పుడు షాపులో దొరకదు. ఓనరు దగ్గర పాత పెట్టెలేవైనా మిగిలాయేమో అడగండి. లేకపోతే ఆ చారలో సన్నటి గ్రానైట్ పట్టీ వేస్తానని ముందే ఒప్పించుకోండి. ఈ మరమ్మతులకి 25 వేలు పెట్టాను.

అంతా కలిపితే 93,400. జీఎస్టీ 18 శాతం వేస్తే లక్షా 10 వేలు. (జీఎస్టీ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు, నేను నోరు మూసుకుంటాను.) మీ కాంప్లెక్సు వాళ్లు రాత్రిళ్లు, ఆదివారాలే చేసుకోమంటే కూలి పెరుగుతుంది. సామాన్లెక్కించే లిఫ్టు వాడుకోనిస్తే తగ్గుతుంది. అసోసియేషన్ సెక్రటరీని పట్టుకుని ఆ లిఫ్టు సంగతి ముందు తేల్చుకోండి.

ఆ టైల్స్ కూడా తీయాల్సి ఉంటే ఏమయ్యేదో చెబుతాను. టైలు బరువు పెద్ద లెక్క కాదు, దాని కింద పరిచిన మాలు బరువు. ఒకటిన్నర అంగుళం మాలుతో కలిపి 2,200 అడుగులకి ఇరవై టన్నులు దాటుతుంది. ఇంకో 700 బస్తాలు! రెండో కొటేషన్ అంత ఎక్కువ ఎందుకుందో ఇప్పుడు తెలిసింది కదా.

ఎదురు డబ్బిస్తానన్న మూడో ఆయన దగ్గరికి వద్దాం. పదిహేనేళ్ల కిందట సికింద్రాబాద్‌లో నాలుగో అంతస్తు ఆఫీసొకటి నేనే ఇలాంటి పాత సామాను మనిషికి అప్పజెప్పాను. రూపాయి ఖర్చు లేకుండా పని చేయించానని పార్టీ దగ్గర గొప్పలు కూడా పోయాను. మొదటి రోజు ఏసీలు దిగాయి. రెండో రోజు సాయంత్రానికి రాగి పైపులు, కేబుళ్లు, అల్యూమినియం సెక్షన్లు, అద్దాలు ఆటో ఎక్కాయి. మూడో రోజు ఎవరూ రాలేదు. ఫోను స్విచ్చాఫ్. నాకు మిగిలింది సగం విరిగిన గోడలూ, నడుం లోతు జిప్సమూ. నా జేబులోంచి పెట్టుకుని అడ్డా నుంచి కూలీలను తెచ్చి ఖాళీ చేయించాను.

మీ నాలుగు ఏసీల పైపులు ఒక్కోటి ముప్పై అడుగులున్నా పదిహేను కిలోల దాకా రాగి వస్తుంది. ఆ రోజు రాగి ధర కనుక్కుని మీరే గుణించుకోండి. దానికి నాలుగు ఏసీలు, కేబుళ్లు, గ్లాస్ డోర్లు, అవి వాటంతటవే మూసుకునేలా నేలలో బిగించే ఫ్లోర్ స్ప్రింగులు కలపండి. 20 వేలకి ఆయన ఎందుకు అంత సంబరపడ్డాడో అర్థమవుతుంది. లక్షా 40 వేల ఆయనకి కూడా సామాను తనకే కావాలి. ఆయనతో ఇలా అనండి: ‘సామాను నేను విడిగా అమ్ముకుంటాను. కూల్చి, మోసి, శుభ్రం చేసి ఇవ్వడానికి ఎంత? సామాను నీకే వదిలితే ఎంత?’ రెండు రేట్లూ కాగితం మీద తీసుకుంటే ఎక్కడ పట్టు బిగించాలో మీకే కనబడుతుంది. నా ఓటు ఆయనకే, లక్షా పదికి దిగితే.

ఏసీలు మాత్రం కూల్చేవాళ్ల చేత విప్పించకండి. వాళ్లు కట్టరుతో పైపు కోసేస్తారు, గ్యాసంతా గాల్లో కలుస్తుంది. మెకానిక్ అయితే మిషను నడిపి గ్యాసుని అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాగి వాల్వులు బిగించాకే విప్పుతాడు. అలా విప్పిన ఏసీకే అమ్మకంలో ధర పలుకుతుంది.

సీలింగులో స్ప్రింక్లర్లు (మంట లేస్తే నీళ్లు చిమ్మేవి) ఉన్నాయేమో రాయలేదు మీరు. ఉంటే ఆ అంతస్తు వాల్వు కట్టించి, పైపులో నీళ్లు వదిలేయించాకే సీలింగు మీద చెయ్యి వేయనివ్వండి. స్ప్రింక్లరు మొనలో చిటికెన వేలి గోరంత ఎర్రటి గాజు గొట్టం ఉంటుంది, 68 డిగ్రీల వేడికి పగలాలని పెట్టినది. ఒకసారి నా కళ్లముందే ఒక కుర్రాడు లాగిన ఫ్రేము ముక్క దానికి తగిలింది. ముందు నల్లటి కుళ్లు నీళ్లు, తర్వాత ధార. వాల్వు ఎక్కడుందో వాచ్‌మన్‌కి గుర్తొచ్చేసరికి కింది అంతస్తు వాళ్ల కంప్యూటర్లు తడిసిపోయాయి. ఆ బిల్లు ముందు కూల్చిన ఖర్చు ఎంత!

ఇంకొకటి, ఇది డబ్బు లెక్క కాదు. గోడ పడగొట్టి ఆ రాశిని ఒకేచోట పోయనివ్వకండి. ఆఫీసు శ్లాబుల్ని చదరపు మీటరుకి రెండున్నర వందల నుంచి నాలుగు వందల కిలోల దాకా మోసేట్టు డిజైన్ చేస్తారు. నడుం ఎత్తు ఇటుక రాశి అదే మీటరు మీద పన్నెండు వందల కిలోలు దాటుతుంది. మోకాలి కిందే ఉండాలి, ఏ రోజుది ఆ రోజు దిగిపోవాలి.

అలాగే ట్రాక్టరు ఎక్కడ ఖాళీ చేస్తాడో అడగండి. ‘ఎక్కడో పారేస్తాలే మేడమ్’ అన్నాడంటే నాలా ఒడ్డునో, చెరువు గట్టునో పోస్తాడు. వ్యర్థాలు ఎవరివైతే బాధ్యత వాళ్లదేనని కేంద్ర నిబంధనల్లోనే ఉంది. మనకి జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ఈ డెబ్రిస్ తీసుకునే ప్లాంట్లున్నాయి. ట్రిప్పుకొక చీటీ తెచ్చి ఇస్తేనే డబ్బులని చెప్పండి.

గుత్తకిచ్చేటప్పుడు అడ్వాన్సు పాతిక శాతం మించొద్దు. సగం డబ్బు ఇటుక గోడ కిందికి దిగాక, మెట్లు కడిగాక. చివరి పాతిక శాతం ఓనరు వచ్చి చూసి సంతకం పెట్టాక. ఓనరు గారి 4 లక్షల బేరానికి మాత్రం నవ్వుతూ నమస్కారం పెట్టండి. పని మీరే చేయించి ఇస్తానని ఖాళీ చేయడానికి నెల ముందే రాసివ్వండి.

ప్రశ్న: మా షాపు సీలింగు విప్పిన జిప్సం ముక్కలు, పాత గోడ ఇటుక ముక్కలు చాలా ఉన్నాయి. ఊళ్లో కొత్తగా కడుతున్న ఇంటి బేస్‌మెంటు నింపడానికి వాడుకోవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇటుక ముక్కలు హాయిగా వాడండి. పెద్దవి సమ్మెటతో చితక్కొట్టించి, పొరలు పొరలుగా నీళ్లు కొట్టి దిమ్మిస చేయించండి. జిప్సం ఒక్క తట్ట కూడా వేయొద్దు. తడి తగిలితే మెత్తబడి కుంగుతుంది, మీ గచ్చు బీటలిస్తుంది. అందులోని సల్ఫేటు నీళ్లతో కలిసి కాంక్రీటుని తింటుంది కూడా. రెండూ కలిసిపోయి ఉంటే ఇద్దరు కూలీల్ని పెట్టి ఏరించండి. తెల్లటి పిండి అంటిన ఇటుకల్ని పక్కన పడేయించండి.